లిఫ్ట్ కిట్‌కి ముందు లెక్క
మస్కట్‌లో చలి మొదలైతే మావారి మనసు వహీబా ఇసుక తిన్నెల మీదే. ఈసారి బండికి లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు కావాలట. వేసవి టికెట్ల డబ్బులోంచే తీయాలి కనుక ఇద్దరం లెక్క రాశాం. టైర్లు నాలుగు కాదు, స్టెప్నీతో అయిదు. లిఫ్ట్ తర్వాత వీల్ అలైన్‌మెంట్. పోలీసు అనుమతి, ఇన్సూరెన్స్ సంగతి ముందే కనుక్కోవాలి. టైరు వ్యాసం 10 శాతం పెరిగితే మీటరు 100 చూపినప్పుడు అసలు వేగం 110. ఎత్తు పెరిగిన బండికి తిరగబడే ప్రమాదమూ ఎక్కువే, వెనక సీట్లో పిల్లలుంటారు. ఇసుకలో గాలి 35 నుంచి 18 పీఎస్ఐకి దించితే టైరు నేలకు వెడల్పుగా ఆనుతుంది, అంత తేలిగ్గా కూరుకుపోదు. తారురోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. అందుకే ఈ ఏడాదికి పాత సైజులోనే కొత్త టైర్లు, ఒక చిన్న కంప్రెసర్. అమ్మ దగ్గరికి టికెట్లు పదిలం.