డీప్ ఫ్రిజ్‌లో చికెన్ ఎన్నాళ్లుంటుంది?

బ్యాచిలర్ రూమ్ అయినా, కొత్తగా పెళ్లైన జంట ఫ్లాట్ అయినా, డీప్ ఫ్రిజ్ తెరిస్తే ఓ మూల నల్ల కవర్ ఒకటి ఉంటుంది. అది ఎప్పటిదో ఎవరికీ గుర్తుండదు. ఒకరు ‘పారేద్దాం’ అంటారు. ఇంకొకరు ‘రాయిలా గడ్డకట్టింది కదా, ఏం కాదులే’ అంటారు.

నిజానికి ఇక్కడ ప్రశ్నలు రెండు. తింటే ఒంటికి ఏమైనా అవుతుందా? తినడానికి బాగుంటుందా? మనం ఈ రెండింటినీ కలిపేస్తాం. అందుకే కొన్నిసార్లు మంచి మాంసం చెత్తబుట్టలోకి పోతుంది, కొన్నిసార్లు పారేయాల్సింది కూరలోకి వస్తుంది.

చలికి చావవు, ఆగుతాయంతే

అమెరికా వ్యవసాయ శాఖ ఈ విషయంలో సూటిగా చెబుతుంది: మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మధ్యలో ఎక్కడా కరగకుండా ఉన్న మాంసం ఎన్నాళ్లైనా సురక్షితమే. ఆరు నెలలైనా, ఏడాదైనా సరే. ఆ చలిలో బ్యాక్టీరియా పెరగలేదు.

కానీ పెరగకపోవడం వేరు, చచ్చిపోవడం వేరు. ఫ్రీజర్ అంటే పాజ్ బటన్ మాత్రమే, డిలీట్ బటన్ కాదు. కొట్టు నుంచి తెచ్చిన చికెన్‌లో సాల్మొనెల్లా ఉంటే, మూడు నెలల తర్వాత బయటికి తీసినా అది ఉండొచ్చు. మాంసం కరగ్గానే పాజ్ తీసేసినట్టే. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. పరిస్థితులు అనుకూలిస్తే 20 నిమిషాలకే రెట్టింపవుతుంది. కాబట్టి ఫ్రీజర్‌లో ఎన్ని నెలలు ఉందన్నదానికంటే, లోపలికి వెళ్లే ముందూ బయటికొచ్చాకా ఎంతసేపు వేడిలో ఉందన్నదే ముఖ్యం.

మీ ఫ్రిజ్ మైనస్ 18కి వెళ్తుందా?

అసలు చిక్కు ఇక్కడే. విడిగా తలుపున్న ఫ్రీజర్ అయితే సాధారణంగా పర్లేదు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న అర మాత్రం, అందులోనూ మే నెల ఎండల్లో రోజుకి ఇరవైసార్లు తలుపు తీస్తుంటే, అంత చల్లగా ఉంటుందని నమ్మకం లేదు.

‘మాది ఫైవ్ స్టార్’ అంటారా? ఆ స్టార్లు కరెంటు పొదుపువి. ఫ్రీజర్ చల్లదనానికి వేరే స్టార్ గుర్తులున్నాయి: ఒకటైతే మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18. మైనస్ 6 దగ్గర సుమారు వారం, మైనస్ 12 దగ్గర నెల దాకా దాచొచ్చని లెక్క. గుర్తు కనబడకపోతే ఫ్రిజ్ థర్మామీటర్ ఒకటి కొని ఆ అరలో పెట్టండి. అదీ కుదరకపోతే చికెన్, మటన్ ఒకట్రెండు వారాల్లో వండేసుకోవడం మేలు.

రుచికి మాత్రం గడువుంది

మైనస్ 18 ఉన్నా రుచి నెమ్మదిగా తగ్గుతూనే ఉంటుంది. చికెన్ ముక్కలు 9 నెలలు, కోడి మొత్తంగా అయితే ఏడాది బాగుంటాయి. పెద్ద మటన్ ముక్కలు 4 నుంచి 12 నెలలు. ఖీమా, లివర్ 3 నుంచి 4 నెలలే. వండిన కూర 2, 3 నెలల్లో తినేయాలి.

చేపల్లో తేడా కొవ్వు వల్ల వస్తుంది. గాలి తగిలితే చేప కొవ్వు త్వరగా పాడవుతుంది, అదే ఆ ముక్క వాసన. కాబట్టి కానాగంతలు, కవళ్లు లాంటివి 2, 3 నెలలు మించకూడదు. గోదావరి నుంచి వేలు పోసి తెప్పించిన పులస కూడా కొవ్వు చేపే. సంక్రాంతికి చుట్టాలొస్తారని దాచిపెడితే, డబ్బులు పోసి కొన్న ఆ రుచే పోతుంది. కొవ్వు తక్కువున్న కొర్రమీను లాంటివి ఆరు నెలలు ఆగుతాయి.

ముక్కల మీద తెల్లగా, ఎండిపోయినట్టు మచ్చలు కనిపిస్తే భయపడకండి. అది బూజు కాదు, ఫ్రీజర్ బర్న్. కవర్‌లో గాలి ఉండటం వల్ల పైనున్న మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోయింది. ఆ భాగం పీచులా ఉంటుందే తప్ప విషం కాదు. కోసేసి మిగతాది వండుకోవచ్చు.

మాంసం ఎంత త్వరగా గడ్డకడితే అంత మంచిది. నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై కండను చీలుస్తాయి. కరిగాక నీళ్లు కారిపోయి ముక్క పిండిపిండిగా అవుతుంది. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్ 1910ల్లో కెనడాలోని లాబ్రడార్‌లో, గడ్డకట్టే గాలిలో ఇన్యూట్ ప్రజలు పట్టిన చేపలు క్షణాల్లో గట్టిపడటం, నెలల తర్వాతా తాజాగా ఉండటం చూశాడు. ఇవాళ్టి ఫ్రోజెన్ ఫుడ్ వ్యాపారం ఆ గమనింపు మీదే మొదలైంది. మన ఇంట్లో దీన్ని ఇలా వాడుకోవచ్చు: బక్రీద్‌కి వచ్చిన మాంసాన్నో, ఆదివారం కొన్న రెండు కిలోలనో ఒకే ముద్దగా పెట్టొద్దు. పూటకి సరిపడా పొట్లాలు కట్టి, గాలి నొక్కేసి, పల్చగా పరిచి పెట్టండి.

కరిగించేటప్పుడే జాగ్రత్త

పొద్దున ఆఫీసుకి వెళ్తూ చికెన్‌ను సింక్‌లో పడేసి, సాయంత్రం వచ్చి వండటం చాలా ఇళ్లలో అలవాటు. లోపల ఇంకా గడ్డగానే ఉన్నా, పై పొర గంటల తరబడి గది వేడిలో ఉంటుంది. బయట రెండు గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంట, అంతకు మించి ఉంచకూడదు.

ముందు రోజు రాత్రే గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి మార్చడం అన్నిటికంటే మంచిది. తొందరైతే నీళ్లు చొరబడని కవర్‌లో పెట్టి చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. ఫ్రిజ్‌లో కరిగినదాన్ని మళ్లీ ఫ్రీజ్ చేసినా ప్రమాదం లేదు, రుచే కొంచెం తగ్గుతుంది. చన్నీళ్లలోనో మైక్రోవేవ్‌లోనో కరిగించినదాన్ని మాత్రం వెంటనే వండాలి.

‘బాగా ఉడికిస్తే అన్నీ పోతాయిలే’ అన్నది సగం నిజమే. బ్యాక్టీరియా చస్తుంది. కానీ స్టెఫిలోకోకస్ లాంటివి ముందే వదిలిన విషం ఉడికించినా పోదు. వాసన చూసి చెప్పడమూ కుదరదు. జబ్బు చేసే బ్యాక్టీరియా చాలాసార్లు వాసనే ఇవ్వదు. ఇంట్లో గర్భిణి, చంటిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఈ విషయంలో అస్సలు రిస్క్ వద్దు.

ఊరెళ్లి వచ్చేసరికి...

కరెంటు పోయినా తలుపు తీయకపోతే నిండా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చల్లగా ఉంటుంది. కానీ పండక్కి ఊరెళ్లినప్పుడు ఎన్ని గంటలు కరెంటు పోయిందో ఎలా తెలుస్తుంది? మాంసం కరిగి మళ్లీ గడ్డకట్టినా చూడ్డానికి తేడా ఉండదు.

దీనికో చిట్కా ఉంది. కప్పులో నీళ్లు పోసి గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే నిశ్చింతగా వండుకోవచ్చు. అడుగుకి చేరితే నీళ్లు పూర్తిగా కరిగి మళ్లీ గడ్డకట్టాయని అర్థం. ఆ మాంసం పారేయండి. ఇక మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్లే అలవాటుంటే, వెళ్లే ముందే ఫ్రీజర్ ఖాళీ చేసేయండి.

ఇక ఆ కవర్ల మీద ఒక టేపు ముక్క అతికించి, ఏ మాంసమో, ఏ తేదీన పెట్టారో మార్కర్‌తో రాయండి. పది సెకన్ల పని. వచ్చే నెల ‘ఇది ఎప్పటిది?’ అని ఎవరూ అడగరు.