ఫూజీ కేవలము దృశ్యమేనా?

జపాను దేశపు కొయ్యపలకల ముద్రాచిత్రములను ప్రశంసించువారిలో ఒక వర్గము హొకుసాయి గీతను, రంగును, కూర్పును పొగడి అంతటితో తృప్తి చెందుచున్నది. ఆ చిత్రములందలి ఫూజీ పర్వతము వారి కంటికి సొగసైన త్రికోణము మాత్రమే. అది జనులు కొలుచు దైవమను సంగతి వారికి అప్రస్తుతము. ఈ చూపు అసంపూర్ణమనుట చాలదు, ఇది పొరపాటు.

హొకుసాయి రచించిన 'ఫూజీ ముప్పదియారు దృశ్యములు' 1830 ప్రాంతమున వెలువడసాగినవి. ఆదరణ మెండగుటచే మరి పది చేరి, మొత్తము 46 అయినవి. వీనిని కొన్నవారెవరు? నేడు టోక్యో అనబడు ఎడో నగరపు సామాన్య ప్రజలు. ఫూజీకో అను భక్తసమాజములు ఆ నగరమున బహుళముగా వ్యాపించియున్న కాలమది. 1733లో జికిగ్యో మిరోకు అను నూనె వర్తకుడు ఆ కొండపై నిరాహారదీక్ష పూని ప్రాణము విడిచిన పిదప అవి ప్రబలినవి. 1779లో ఆయన అనుచరుడైన తోటమాలి యొకడు నగరముననే మట్టితోను రాళ్లతోను చిన్న ఫూజీని నిర్మించెను. అసలు కొండ నెక్కలేని వృద్ధులును, శిఖరమును చేరరాదని నిషేధింపబడిన స్త్రీలును అట్టి చిన్న కొండల నెక్కి యాత్రాఫలము పొందితిమని తలచిరి. స్త్రీలపై ఆ నిషేధము 1872 వరకు తొలగలేదు. ప్రభుత్వము ఈ సమాజములను పలుమార్లు నిషేధించినను అవి నశింపలేదు.

ఆ 46 చిత్రములలో ఒకదానియందు ఫూజీ ఆకారమే కానరాదు. ఏలనన, చూపరి ఆ కొండపైననే యున్నాడు. యాత్రికులు కర్రల ఊతతో ఎక్కుచున్నారు. కొందరు గుహలో ముడుచుకొని కూర్చున్నారు. త్రికోణమే సర్వస్వమైనచో ఈ చిత్రమునకు ఆ వరుసలో చోటెక్కడిది?

ఇవి అమ్మకపు సరకులు, ప్రకాశకుడు లాభమును కోరెను, విదేశములనుండి వచ్చిన క్రొత్త నీలిరంగు కొనువారి నాకర్షించెను, ఇందు భక్తి ఎక్కడిదని వారు ఆక్షేపింతురు. నిజమే, ఇవి పూజాపటములు కావు. కాని జనుల కోరిక నెరుగక ఏ వర్తకుడును సరకు తేడు. ఆ కోరికలో విహారము, వేడుక, భక్తి విడదీయరానట్లు కలసియున్నవి. మట్టికొండవలెనే కాగితపు కొండయు దూరమున నున్నదానిని చేరువ చేసెను.

2013లో యునెస్కో ఫూజీని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినపుడు పవిత్రస్థలమనియు, కళాప్రేరణకు మూలమనియు రెండు మాటలను జతపరచియే పేర్కొనెను. ఎడో వాసులకు ఆ జతను ఎవరును బోధింపనక్కరలేకపోయెను. ఉవ్వెత్తున లేచిన కెరటము క్రింద పడవవారు వంగియుండగా, వెనుక చిన్నదై, చలింపక నిలిచిన కొండను వారు చూచినపుడు, అది ఎవరో వారికి తెలియును.