అర్ధశక్తి అంటే సగం బరువు కాదు

వ్యాయామమును అర్ధశక్తితోనే చేయవలెనని సుశ్రుతుడును, వాగ్భటాచార్యులును ఆదేశించారు. గురుకులంలో ఆ పాఠమును కంఠస్థం చేసిన నేను, దాని భావమును అరవై యేండ్లు దాటిన పిమ్మట గాని గ్రహింపలేదని ఒప్పుకొనవలసి వచ్చినది.

2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగిన గచ్చిబౌలి స్టేడియం మా వైద్యశాలకు సమీపముననే ఉన్నది. అక్కడ వంద మీటర్ల పరుగు సాధన చేసే ఒక యువతి, పోటీల కాలంలో బరువులెత్తవచ్చునా అని నన్నడిగినది. "వద్దమ్మా, పరుగుకే వాతం ప్రకోపిస్తుంది. బరువులు పూర్తిగా మానేయి" అన్నాను. ఆరు వారాలకు తొడ వెనుక కండరం పట్టుకొని కుంటుతూ వచ్చినది. అదొక్కటే కారణమనలేను. కాని నా సలహా ఆమెను కాపాడలేదు.

పిదప అనుభవజ్ఞులైన శిక్షకులను అడిగి తెలుసుకొన్నాను. పోటీల కాలంలో తగ్గించవలసినది బరువు కాదు, ఎత్తే పర్యాయాల సంఖ్య. వారానికి ఒకటి రెండు సార్లు కొద్దిసేపు ఎత్తినా సంపాదించిన బలం నిలుస్తుంది. పూర్తిగా మానితే కొన్ని వారాలలోనే క్షీణించనారంభిస్తుంది. పూర్ణవేగంతో పరుగెత్తిన దేహం తేరుకొనడానికి సుమారు 48 గంటలు కావలెను. కావున ఒకే దినమున ముందు పరుగు, తరువాత బరువులు ముగించి, మరునాడు నిజమైన విశ్రాంతి నీయవలెను. పోటీకి ముందు రెండు దినములు భారమైన బరువులు కూడవు.

నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టుట, నోరెండుట అర్ధశక్తికి గుర్తులని మన గ్రంథాలు చెప్పుచున్నవి. పరుగుపందెగాళ్ళకు ఈ గుర్తులు ఒళ్ళు వేడెక్కేటప్పుడే కనబడును! ఆ నియమం సామాన్యుల ఆరోగ్యరక్షణకు చెప్పినది. క్రీడాకారులు గ్రహింపవలసినది దాని ఆంతర్యం: శక్తి అడుగంటక మునుపే ఆపుట. అంతేగాని, సగం బరువెత్తమని కాదు, అసలే మానమని అంతకన్నా కాదు.

వారమంతా హైటెక్ సిటీ కార్యాలయాలలో కూర్చుండి, శనివారం ఒక్కసారిగా మైదానంలో దూకే ఉద్యోగులకును ఇదే హెచ్చరిక. వేగమైనా, బలమైనా వారం మధ్యలో కొద్దికొద్దిగా అలవరచుకొనవలెను.

ఆ అమ్మాయి కోలుకొని, ఇప్పుడు వారానికి రెండుసార్లు బరువులెత్తుతున్నది. నేను నువ్వులనూనె అభ్యంగనం, నెయ్యి కలిసిన భోజనం, నిండైన నిద్ర మాత్రమే చెప్పుచున్నాను. బలానికి చూర్ణమడిగితే ఇవ్వను. అందేమి కలిసినదో నిర్ధారణ కాని మందు, డోపింగ్ పరీక్షలో ఆమె భవిష్యత్తునే చెరపగలదు. బరువుల లెక్క శిక్షకునికే వదలినాను. తెలియని చోట మౌనం వహించుటయు వైద్యధర్మమే కదా!