తయారుభాగములు – పరీక్షించు విద్య

మన ఇంజనీరింగు కళాశాలలలో సాఫ్ట్‌వేర్ విద్య యనగా ప్రోగ్రామును మొదటి పంక్తినుండి తుదిపంక్తివఱకు తానే వ్రాయుట యని తలంచుట వాడుకయైనది. ఒరుల ప్రోగ్రామును దెచ్చి చేర్చిన విద్యార్థిని నకలు వ్రాసినవానిగా నెంచుదురు. పట్టము పుచ్చుకొని యుద్యోగమున బ్రవేశించిన మఱునాడే యీ న్యాయము తలక్రిందగుచున్నది. అచ్చట సమస్తమును స్వయముగా వ్రాయువా డెవ్వడును లేడు. ఒరులు చేసియుంచిన భాగములను దెచ్చి, కూర్చి, తక్కువైనదానిని మాత్రమే వ్రాయుదురు. తరగతిలో దోషమైనది కార్యాలయములో నేర్పగుచున్నది. ఈ రెంటికి నడుమనున్న విద్యను నేర్పువా రేరి?

ఈ భావము క్రొత్తది గాదు. 1968లో జర్మనీదేశమందలి గార్మిష్ పట్టణమున నాటో విజ్ఞానసంఘమువారు జరిపిన సభలో డగ్లస్ మెకిల్‌రాయ్ అను విద్వాంసుడు, యంత్రభాగములవలెనే సాఫ్ట్‌వేర్ భాగములును పెద్దయెత్తున తయారు కావలెననియు, కావలసినవారు వానిని ఏరుకొనవలెననియు ప్రతిపాదించెను. నేడు లక్షలకొలది భాగములు ఉచితముగనే లభించుచున్నవి. వడ్రంగి తన మేకులను తానే సాగగొట్టుకొనవలెనని యెవ్వరందురు?

అయినను దొరికినదెల్ల దెచ్చి యతికించుట విద్య గానేరదు. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియేన్-5 రాకెట్టు తొలిప్రయాణముననే, బయలుదేరిన యొక నిమిషములోపల, నాశమయ్యెను. ఏరియేన్-4లో చక్కగా బనిచేసిన గమననిర్దేశక ప్రోగ్రామునే దీనియందును వాడిరి. క్రొత్త రాకెట్టు వేగము హెచ్చు. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో నిముడ్పబోగా నది యిమడలేదు. అంతకన్న శోచనీయ మేమనగా, నేలవిడిచిన పిదప నా లెక్క యీ రాకెట్టున కక్కఱయే లేదు! క్రొత్త ప్రయాణమార్గమునకు దగినట్లు ఆ భాగమును ముందుగా పరీక్షించినవారును లేరు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే యను భాగమున లోపము బయల్పడినప్పుడు, అది తమ ప్రోగ్రాములలో నెచ్చటెచ్చట నున్నదో యెఱుగక లోకమున ననేక సంస్థలు వెదకులాడవలసివచ్చెను. అరువు దెచ్చుట తప్పు గాదు. అరువును లెక్కవ్రాసికొనకుండుటయే తప్పు.

స్వయముగా వ్రాయనేరనివాడు ఒరుల పని నెట్లు పరీక్షించునని కొందఱధ్యాపకు లాక్షేపింతురు. ఈ యాక్షేపణ న్యాయమైనదే. కావుననే మొదటి రెండేండ్లు విద్యార్థి స్వయముగా వ్రాయవలయును. మూడవయేట నొకపనికి దగిన రెండుమూడు భాగములను వానికిచ్చి, దేనిని గ్రహించితివి, దేనిని ద్రోసివేసితివి, ఎందుచేతనని యడుగవలయును. పరీక్షలు వ్రాసి చూచితివా? లైసెన్సు నియమములు చదివితివా? కర్త పేరును, వెర్షను సంఖ్యను గుర్తించితివా? ఈ ప్రశ్నలకే మార్కు లీయవలయును. మఱియు నొకయేటి తరగతి చేసిన భాగమును మఱుసటియేటివారు వాడవలయును. అప్పుడుగాని వివరణము వ్రాయుటలోని విలువ తెలియదు.

హైదరాబాదు మొదలు అమెరికావఱకు వేలకొలది తెలుగుయువతీయువకు లీ వృత్తిచే జీవించుచున్నారు. వీరు ఒరులు చేసిన భాగముల నతికించు కూలివారుగనే మిగులుదురా? లోకము నమ్మి వాడుకొను భాగములను నిర్మించువా రగుదురా? స్వావలంబన మనగా సమస్తమును తానే చేయుట గాదు. తాను దేనిపై నాధారపడినదియు నెఱిగియుండుట. ఆ యెఱుక నిచ్చుట విశ్వవిద్యాలయముల విధి. పాఠ్యప్రణాళికలను నిర్ణయించు పెద్దలు దీని నాలోచింతురు గాక!