ఆసు యంత్రం వేరు, అచ్చు గుడ్డ వేరు

యంత్రం రోజువారీ గానుగెద్దు పనులను మాత్రమే మింగుతుందనీ, సృజనకు వచ్చిన భయమేమీ లేదనీ ఈమధ్య ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అభయహస్తం చూపుతున్నారు. ఆ పెద్దలు ఒకసారి పోచంపల్లికో, పుట్టపాకకో వెళ్ళి రావాలి. పాత నల్లగొండ జిల్లాలోని ఈ ఊళ్ళలో కథ సరిగ్గా తలకిందులుగా నడిచింది.

ఇక్కత్ చీరకు మగ్గం మీది నేత చివరి మజిలీ. అంతకు ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ పోగును తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. ఇంటి ఆడవాళ్ళ పని కనుక దానికి కూలీ లేదు, లెక్కా లేదు. భుజాల నొప్పి మాత్రం వాళ్ళదే. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు. గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం తీసుకుపోయింది నొప్పిని, నేతను కాదు.

మరి నేతగాడి పొట్ట కొట్టిందెవరు? అతని సృజనను దోచిన అచ్చు మిల్లు. ముందు గీత గీసుకొని, పోగులకు చిటికీ కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి అతను రోజుల తరబడి పండించిన నమూనాను మిల్లు ఒక్క పూటలో గుడ్డ మీద అద్దేస్తుంది. పోగుకు ముందే రంగు పట్టించడం వల్ల అంచుల్లో కలిగే ఆ కాస్త చెదురును కూడా వదలదు. (చేతి తడబాటును సైతం దొంగిలించే నేర్పు!)

కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. 1993లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపూ దక్కింది. అయినా అచ్చు ఇక్కత్ అంగళ్ళలో దర్జాగా వేలాడుతూనే ఉంది. ఇప్పుడు నాలుగు మాటలు టైపు చేస్తే కంప్యూటరే అటువంటి నమూనాలను గీసి ఇస్తోంది. మిల్లుకు ఇక కాపీ కొట్టే శ్రమ కూడా తప్పింది.

కనుక యంత్రం మంచిదా చెడ్డదా అనే చర్చ నాకు పట్టదు. అది ఎవరి ఇంట్లో ఉంది, దాని మిగులు ఎవరి జేబులోకి పోతోంది అన్నదే నా ప్రశ్న. ఆసు యంత్రం నేతగాడి ఇంట్లో ఉంది. అచ్చు యంత్రం అతని ఎదుట ఉంది.

అచ్చు గుడ్డను అచ్చు గుడ్డ అని రాసే అమ్మాలని అడగడం అత్యాశ కాదు. అందాకా కొనేవాళ్ళు చీరను ఒకసారి తిరగేసి చూడాలి. ఇక్కత్ నమూనా రెండు వైపులా ఒకేలా పలుకుతుంది. అచ్చుది సాధారణంగా వెనుక వెలవెలబోతుంది.