గ్యాసు కొట్టములో దీపపు మీట

గోబర్ గ్యాసు ప్లాంటు గల రైతులు నిప్పు విషయమున మిక్కిలి జాగ్రత్తపరులే. దాని దగ్గర చుట్ట ముట్టించువానిని కేకలువేసి పంపివేయుదురు. ఆ చేతితోనే గ్యాసు కొట్టములోనికి పోయి దీపపు మీట నొక్కుదురు. మీట లోపల నిప్పురవ్వ పుట్టుచుండునని వారికి తోచదు. కంటికి కనబడదు గనుక.

ఇటీవల మే మొక గ్రామమునకు పోయినప్పుడు, ఒక రైతు గ్యాసును రబ్బరు సంచిలో నిలువచేసి, దానితో ఇంజను నడుపుచుండుట చూచి సంతోషించితిమి. కాని ఆ కొట్టమునకు కిటికీ లేదు. దూలమునకు మేకులు కొట్టి తీగె లాగినారు. అతుకులకు గుడ్డపీలికలు చుట్టినారు. సంచికి మూరెడెత్తున దీపము వ్రేలాడుచుండెను. మే మడుగగా, "పేడనుండి వచ్చినదే గదండీ, ఏమి చేయును?" అనెను.

ఏమి చేయునో చెప్పవలసియున్నది. ఆ గ్యాసులో సగమునకు మించి మీథేను. గాలితో కలిసినప్పుడు మీథేను నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు ఉన్నచో ఒక్క రవ్వకే ప్రేలును. అది గాలికంటె తేలిక గనుక మూసిన కొట్టములో కప్పు క్రింద చేరును. మనము దీపమును, పంకాను వ్రేలాడదీయునది అక్కడనే. వంటగ్యాసు సిలిండరు సంగతి వేరు. ఆ గ్యాసు బరువైనది. నేలబారున ప్రాకి గుంటలలో నిలుచును. రెండింటిని ఒక్కచోట నుంచువానికి పైనను భద్రము లేదు, క్రిందను లేదు.

గోబర్ గ్యాసులో కుళ్లిన గ్రుడ్డు వాసన గల హైడ్రొజన్ సల్ఫైడు కూడ గలదు. ఇది రాగిని తినును. తీగె కొనలు నల్లబడి, అతుకు వదులై, వేడెక్కును. వాసనవలన తెలియునుగదా యని నమ్మరాదు. కొంతసేపు పీల్చిన ముక్కు మొద్దుబారును.

కావున మీటలు, ఫ్యూజులు, స్టార్టరు కొట్టమునకు వెలుపల నుండవలెను. సంచి యున్న గదిలో ఇంజను ఉండరాదు. కప్పు దగ్గర గాలి పోవుటకు దారి విడువవలెను. వాసన తగిలినచో మీటను వేయనురాదు, ఆర్పనురాదు. తలుపులు తెరచి, గ్యాసు కవాటము మూసి, బయటికి రావలెను. చేతిటార్చి మీటయు మీటయే.

తప్పంతయు రైతుదే యని మే మనము. ప్లాంటుకు ఋణ మిత్తురు, ఇంజనుకు ఇత్తురు. తీగెల అంచనా అడుగువారు లేరు. మిగిలిన చిల్లరతో రైతు తీగె లాగించుకొనును. లైసెన్సు గల విద్యుత్ పనివాడు పరీక్షించి వ్రాసియిచ్చిన కాగితము చూపనిదే సంఘము తుది వాయిదా సొమ్ము ఈయరాదని మా అభిప్రాయము. ఆలస్యమగునని కొందరు సభ్యులు గొణుగుదురు, గొణుగనిండు. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ మాటను మేమే లేవదీయుదుము.