కెంపుకూ నీలానికీ ఒకటే సబ్బునీళ్లు

పసిపిల్ల కాలి పట్టీలు నల్లబడితే దిష్టి తగిలిందంటారు. కాదంటే ఒంట్లో వేడిని వెండి లాగేసిందంటారు. మరి బీరువాలో మూటగట్టి దాచిన వెండి కంచం ఎందుకు నల్లబడింది? దానికి ఒళ్లూ లేదు, వేడీ లేదు, చూసి కుళ్లుకునేవాళ్లు అసలే లేరు. గాలిలో రవంత ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ చాలు, అందులోని గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లని పొర కడుతుంది. కోడిగుడ్డు తగిలినా ఇదే జరుగుతుంది. ఆ నలుపు పిల్ల జాతకమూ చెప్పదు, జ్వరమూ చెప్పదు.

నమ్మితే పోయేదేముంది, ఎర్రనీళ్లు దిగదుడిచి పారబోస్తే సరిపోయె అంటారా? పోయేది శుభ్రం చేసేటప్పుడు పోతుంది. విబూదితోనో పళ్లపొడితోనో గట్టిగా తోమితే నలుపుతో పాటు కొంత వెండి కూడా అరిగిపోతుంది. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, మీద వెండి వస్తువు రేకుకు తగిలేలా పెట్టి, వేడినీళ్లు పోసి, చెంచాడు తినే సోడా కలపండి. గంధకం వెండిని వదిలి పోతుంది. కుళ్లిన గుడ్డు వాసన కొద్దిగా వస్తే భయపడకండి, వదిలింది దిష్టి కాదు. రాళ్లు పొదిగినవీ, అందం కోసం కావాలని నలుపు ఎక్కించినవీ మాత్రం ఇందులో వేయకూడదు.

ఉంగరం రాళ్ల విషయంలో నమ్మకం మరీ ఖరీదైనది. రాయిని పాలలోనో పంచామృతంలోనో నానబెట్టి 'శుద్ధి' చేశాకే వేలికి పెట్టుకోవాలంటారు. ముత్యం చంద్రుడిదట, పగడం కుజుడిదట. రెండూ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే, సున్నపురాయి జాతి. పంచామృతంలోని పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. ఎక్కువసేపు నానితే ఆమ్లం ముత్యం మెరుపును తినేస్తుంది. నిమ్మరసమూ వెనిగరూ అయితే చెప్పనక్కర్లేదు. గ్రహాన్ని శాంతింపజేసే రాయి చెంచాడు పెరుగుకు తట్టుకోలేకపోతే, ఎవరికి ఎవరు రక్ష?

ఇంకో తమాషా చూడండి. కెంపు సూర్యుడికి, నీలం శనికి. తండ్రీకొడుకులైనా ఇద్దరికీ పడదు కాబట్టి ఆ రెండు రాళ్లూ కలిపి ధరించకూడదని హెచ్చరిస్తారు. రసాయన శాస్త్రానికి అవి రెండూ కురువిందమే, అంటే అల్యూమినియం ఆక్సైడ్. అందులో రవంత క్రోమియం చేరితే ఎర్రన, ఇనుమూ టైటానియమూ చేరితే నీలం. గురుడి కోసమని అమ్మే కనక పుష్యరాగమూ అదే ఖనిజం. కడిగేటప్పుడు వాటి మధ్య ఏ వైరమూ కనబడదు. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల మెత్తని సబ్బు ద్రవం, పాత మెత్తని బ్రష్షు చాలు. పచ్చ సంగతి వేరు. దానిలో సహజంగా ఉండే పగుళ్లు కనబడకుండా చాలావాటికి నూనె పట్టిస్తారు. వేడినీళ్లలో వేస్తే ఆ నూనె పోయి పగుళ్లు బయటపడతాయి. బుధుడికి కోపం వచ్చిందని అప్పుడు ఇంకో పూజ! ముత్యాలను తడిగుడ్డతో తుడిచి, దారం పూర్తిగా ఆరాక పెట్టెలో పెట్టాలి. కుందన్ నగల్లో రాళ్ల వెనక లక్కా రేకూ ఉంటాయి, వాటిని నీళ్లలో ముంచనే కూడదు.

బంగారానికి మన కుంకుడు రసం మంచిదే. అందులోని సపోనిన్లు జిడ్డును వదిలిస్తాయి, మహిమేమీ లేదు. 22 క్యారెట్ల బంగారం మెత్తని లోహం కనుక టూత్‌పేస్టుతో రుద్దితే గీతలు పడతాయి. బ్లీచింగ్ ద్రావణంలోని క్లోరిన్ నగలోని మిశ్రమ లోహాన్ని దెబ్బతీస్తుంది. మంగళసూత్రం మెడలోంచి తీయకూడదన్న ఆచారం వల్ల గొలుసు లంకెల్లో పసుపూ సబ్బూ చెమటా పేరుకుపోతాయి, మెడ దురద పెడుతుంది. ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రిలో తీయిస్తూనే ఉన్నారు. అందుకు ఏ భర్తకూ ఏమీ కాలేదు. తీసి కడుక్కోండి.

ఈ భక్తినే పెట్టుబడిగా పెట్టుకున్నవాళ్లు వీధుల్లో తిరుగుతుంటారు. నగలకు మెరుగు పెడతామని వచ్చి, ముందు ఇత్తడి చెంబు తళతళలాడించి నమ్మకం కుదుర్చుకుంటారు. తర్వాత గొలుసును ద్రావకంలో ముంచుతారు. అది హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాలు మూడింటికి ఒకటి చొప్పున కలిపిన ద్రవరాజం కావచ్చు, బంగారాన్నే కరిగిస్తుంది. కరిగిన బంగారం వాళ్ల సీసాలో ఉంటుంది, రసాయనాలతో మళ్లీ రాబట్టుకుంటారు. నగను పసుపు నీళ్ల డబ్బాలో పెట్టి, పొయ్యి మీద కాచి చల్లారాకే మూత తీయమంటారు. పసుపు శుభం కదా, ఎవరికీ అనుమానం రాదు. మూత తీసేలోపు వాళ్లు ఊరు దాటతారు.

గుమ్మంలోకి వచ్చిన ఎవరి చేతికీ నగ ఇవ్వకండి. మెరుగు పెట్టించాలంటే తెలిసిన కంసాలి దగ్గరికే వెళ్లి, ముందూ తర్వాతా మీ కళ్లెదుటే తూకం వేయించుకోండి.